జపనీస్ టీ సెరిమనీలో ఆధ్యాత్మికత ఎక్కడుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

టీ సెరిమనీ గురించి అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ఎక్కువమంది అడిగేది ఒకటే: "ఆ సైగకు అర్థమేమిటి? ఈ సైగ దేనికి సంకేతం?" చాలా సైగలకు రహస్యార్థమేమీ లేదు. వాటి వెనక ఒక పని ఉంటుంది, ఆ పనిని ఎదుటి మనిషి కోసం ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేయడం ఉంటుంది. జవాబులన్నీ దేనికది విడిగా చదువుకునేలా రాశాం.

## వెళ్ళడానికి ముందు

టీ తాగడానికి ఇంత తతంగమా? అసలు ఇదేమిటి?

జపాన్‌లో దీన్ని చానోయు అంటారు. మాటకు మాట చెబితే "టీ కోసం వేడినీళ్ళు", అంతే. ఏళ్ళ తరబడి సాధనగా నేర్చుకునేవారు చాదో లేదా సాదో అంటారు, అంటే టీ మార్గం. "సెరిమనీ" అన్న మాట పడమటివాళ్ళు తగిలించింది. సగం అపార్థాలు అక్కడే మొదలవుతాయి.

పూర్తి రూపం పేరు చాజి. బొగ్గులు పేర్చడం, కొద్దిపాటి భోజనం, మిఠాయి, తోటలో విరామం, చిక్కటి టీ, చివర పల్చటి టీ, అన్నీ కలిపి దాదాపు 4 గంటలు. నలుగురైదుగురు అతిథులకు మించరు. క్యోటోలో పర్యాటకులకు చూపించే 45 నిమిషాల కార్యక్రమం ఇందులో చివరి ముక్క మాత్రమే. అది చెడ్డదేం కాదు గానీ, దాన్ని చూసి "ఇంతేనా" అనుకోవడం మంగళహారతికి వెళ్ళి పెళ్ళి చూశామనుకోవడం లాంటిది.

ఇది బౌద్ధుల పూజా? వేరే మతంవాళ్ళు వెళ్ళొచ్చా?

నిరభ్యంతరంగా వెళ్ళొచ్చు. గదిలో విగ్రహం ఉండదు, మంత్రం ఉండదు, ఎవరూ దేనికీ మొక్కరు. పుట్టుక మాత్రం జెన్ ఆశ్రమాలతో ముడిపడింది. 1191లో చైనా నుంచి తిరిగొచ్చిన ఐసాయ్ అనే భిక్షువు టీ గింజలు తెచ్చాడని చెబుతారు. 1211లో ఆయన టీ వల్ల ఆరోగ్యానికి కలిగే మేలు గురించి ఒక గ్రంథం రాశాడు. ధ్యానంలో కునుకు రాకుండా భిక్షువులు తాగే పానీయంగా మొదలై, తర్వాత మురాతా జుకో, తకెనో జోఓ, సెన్ నో రిక్యూ (1522–1591) అనే టీ గురువుల చేతుల్లో ఇప్పుడున్న రూపానికి వచ్చింది. రిక్యూ ముఖ్య శిష్యుల్లో ఒకడైన తకయామా ఉకోన్ క్రైస్తవుడు. మతం అడ్డురాదనడానికి అప్పటి సాక్ష్యమే ఉంది.

గుళ్ళలో దేవుడికి టీ సమర్పించే కార్యక్రమం వేరే ఉంది. అందులో టీ చేసేవారు నోటికి తెల్లని ముసుగు కట్టుకుంటారు. నైవేద్యానికి ఊపిరి తగలకూడదన్న పట్టింపు మనకు కొత్త కాదు.

జెన్ అంటున్నారు. మన నాగార్జునుడికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది, దూరపు బంధుత్వం. సంస్కృతంలో ధ్యానం చైనాలో చాన్ అయింది, జపాన్‌లో జెన్ అయింది. జెన్ గురుపరంపరలో నాగార్జునుడిది 14వ స్థానం, బోధిధర్ముడిది 28వ స్థానం. అంతమాత్రాన శూన్యవాదం కృష్ణా తీరం నుంచి నేరుగా టీ గిన్నెలోకి వచ్చిందనడం సాగదీయడమే. టీ గదిలో దాని జాడ కనిపించేది గోడకు వేలాడే రాతలో: "మూ" (అంటే "లేదు") అనే ఒక్క అక్షరం, లేదా "మొదటినుంచీ ఒక్క వస్తువూ లేదు" అనే వాక్యం.

వాబి అంటే పేదరికమా? పాత, విరిగిన సామాన్లు వాడితే సరిపోతుందా?

ఎక్కువ పెడదారి పట్టిన మాట ఇదే. పదిహేనో శతాబ్దంలో సంపన్నుల టీ అంటే చైనా నుంచి తెప్పించిన ఖరీదైన పాత్రల ప్రదర్శన. జుకో (1423–1502) వాటి పక్కనే బిజెన్, షిగరాకి ఊళ్ళ ముతక మట్టిపాత్రలకు చోటిచ్చాడు. శిష్యుడికి రాసిన ఉత్తరంలో జపాన్ వస్తువులకూ చైనా వస్తువులకూ మధ్య గీత చెరిపేయడమే ముఖ్యమన్నాడు. అదే ఉత్తరంలో, నిన్నగాక మొన్న చేరినవాళ్ళు బిజెన్, షిగరాకి పాత్రలు పట్టుకుని గొప్ప రసజ్ఞుల్లా పోజు పెట్టడాన్ని గట్టిగా తిట్టాడు కూడా. అంటే వాబిని ఫ్యాషన్‌గా వేసుకునేవాళ్ళు ఆ రోజుల్లోనే తయారయ్యారన్నమాట.

కళ్ళతో చూడాలంటే టోక్యో జాతీయ మ్యూజియంలో ఓంజోజి అనే వెదురు పూలగొట్టం ఉంది. 1590లో ఒదవారా ముట్టడికి వెళ్ళినప్పుడు రిక్యూ అక్కడి వెదురు నరికి చేశాడు. ముందు భాగంలో నిలువునా పగులు. దాన్ని వాడినప్పుడు నీళ్ళు కారి చాప తడిసిందనీ, అతిథి అడిగితే ఆ కారడమే దీని ప్రాణమన్నారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ పగులు ఎవరో కావాలని పెట్టింది కాదు. ఉన్నదాన్ని దాచకుండా, దాంతోనే అతిథిని సంతోషపెట్టగలగడం వాబి. లేనితనాన్ని అలంకరించుకోవడం దానికి సరిగ్గా వ్యతిరేకం. కొత్త గిన్నెను పగలగొట్టి బంగారంతో అతికించేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకుంటే బాగుండు.

"వా, కెయ్, సెయ్, జకు" అని నాలుగు సూత్రాలు చెబుతారు. వాటి అర్థం?

సామరస్యం, గౌరవం, శుచి, ప్రశాంతి. రిక్యూ పేరు మీద చెలామణి అయ్యే మాటలివి. మొదటి మూడూ చేయగలిగేవి. ఎండాకాలంలో వెడల్పు గిన్నె, చలికాలంలో వేడి నిలిచే లోతు గిన్నె ఎంచుకోవడం సామరస్యం. మట్టి గిన్నెనైనా రెండు చేతులతో ఎత్తడం గౌరవం. తోట ఊడ్చి, పాత్రలు తుడిచి, చేతులు కడుక్కోవడం శుచి. నాలుగోది చేసేది కాదు. ఆ మూడూ కుదిరిన రోజున దానంతటదే వస్తుంది, కుదరని రోజున రాదు.

చీర కట్టుకుని వెళ్ళొచ్చా? కిమోనో తప్పనిసరా?

చీర చక్కగా సరిపోతుంది. పమిటకు పిన్ను పెట్టుకోండి, లేకపోతే వంగినప్పుడు గిన్నెలో పడుతుంది. గాజులు, ఉంగరాలు, వాచీ తీసేయండి. కొన్ని గిన్నెలు వందల ఏళ్ళవి, గీత పడితే పోదు. సెంటు వద్దు. తలలో మల్లెపూలు కూడా వద్దు: గదిలో ధూపపు వాసన మెల్లగా ఉంటుంది, మల్లె దాన్ని మింగేస్తుంది. టీ గదిలో పెట్టే పూలలో సైతం ఘాటు వాసనవి మానేస్తారు. కాళ్ళకు శుభ్రమైన తెల్ల సాక్సులు వెంట తీసుకెళ్ళి గుమ్మం దగ్గర వేసుకోవాలి.

మేం శాకాహారులం. ఏమైనా ఇబ్బందా?

మాచా అంటే మెత్తగా పొడి చేసిన పచ్చ టీ ఆకు. ఆ టీలో పాలు, పంచదార ఉండవు. మిఠాయిలు ఎక్కువగా అజుకి అనే ఎర్రగింజల ముద్దతో చేస్తారు. జాగ్రత్తపడాల్సింది చాజిలో పెట్టే కైసెకి భోజనం దగ్గర: సూప్‌కు ఆధారమైన దాషి మామూలుగా ఎండుచేపతో కాస్తారు, కూరలో చేప కనిపించకపోయినా రుచి దానిదే. కొన్ని రోజుల ముందే చెబితే సముద్రపు నాచుతో, ఎండు పుట్టగొడుగులతో కాచిన దాషి వాడతారు. అక్కడికి వెళ్ళాక చెప్పడం ఆతిథేయిని ఇరుకున పెట్టడమే.

## తోటలో, గుమ్మం దగ్గర

దారిలో రాళ్ళు ఎందుకు తడిపి ఉంచుతారు?

పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి చల్లే ఇంట పుట్టినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. ఇల్లు సిద్ధంగా ఉంది, రండి అని అర్థం. అతిథులు రాకముందు, విరామానికి, వెళ్ళేముందు, ఇలా మూడుసార్లు చల్లుతారు. తోట పేరు రోజి, అంటే మంచుబిందువుల నేల. సద్ధర్మపుండరీక సూత్రంలో తగలబడుతున్న ఇంట్లోంచి బయటపడిన పిల్లలు చేరిన ఖాళీ నేలతో ఈ పేరును ముడిపెడతారు. బజారు గొడవ వెనక్కి వదిలి వచ్చే చోటు అది. తాడుతో కట్టిన చిన్న గుండ్రాయి ఏదైనా మెట్టురాయి మీద కనిపిస్తే, అటు వెళ్ళొద్దని.

రాతితొట్టి దగ్గర చేతులు ఎలా కడుక్కోవాలి?

తొట్టి కావాలనే కిందికి ఉంటుంది, వంగి కూర్చోక తప్పదు. పేరు త్సుకుబాయ్, వంగడమన్న మాట నుంచే వచ్చింది. కుడిచేత్తో గరిటె నిండా నీళ్ళు తీసుకోండి. ఒక్క గరిటెతోనే అన్నీ కావాలి. కొంచెం ఎడమచేతి మీద, చేయి మార్చి కొంచెం కుడిచేతి మీద, మళ్ళీ మార్చి ఎడమ అరచేతిలో పోసుకుని నోరు పుక్కిలించాలి. మిగిలిన నీళ్ళతో గరిటెను నిటారుగా లేపితే అవి పిడి మీదుగా జారి, మీరు పట్టుకున్న చోటును కడుగుతాయి. ఆ ఆఖరి పని మీ కోసం కాదు, మీ తర్వాతి మనిషి కోసం. కొత్తవాళ్ళు చేసే తప్పు ఎడమచేతికే నీళ్ళన్నీ పోసేసి రెండోసారి ముంచడం. పెదవులు గరిటెకు తగలకూడదని వేరే చెప్పాలా?

పాక్కుంటూ దూరే ఆ చిన్న గుమ్మం అహంకారం తగ్గించడానికేనా?

అవునంటారు, కొంతవరకు నిజమే. నిజిరిగుచి అనే ఆ గుమ్మం సుమారు 66 సెంటీమీటర్ల ఎత్తు, 63 వెడల్పు. సమురాయ్ కత్తి బయట మేకుకు తగిలించి, తల వంచి, పిడికిళ్ళ మీద ఆనుకుని మోకాళ్ళతో జరగాల్సిందే. రిక్యూదిగా చెప్పే తైయాన్ గది నేటికీ క్యోటో దగ్గర ఒయామజాకిలో ఉంది. రెండే చాపల గది, మంచం వేస్తే నిండిపోతుంది. ఆ గుమ్మం దాటితే లోపల అది చిన్నగా అనిపించదు. కన్ను ముందే ఒదిగిపోతుంది కదా.

అయితే సమానత్వం గురించి మరీ పొంగిపోకండి. కొన్ని గదులకు గొప్పవారి కోసం నిలబడి రాగలిగే గుమ్మం కూడా పెట్టారు. రిక్యూ యజమాని, అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి, విప్పి ఎక్కడికైనా మోసుకెళ్ళగలిగే బంగారు టీ గదిని చేయించి 1586లో చక్రవర్తి ముందు పెట్టాడు. ఒకే కాలం, ఒకే టీ.

చివరగా లోపలికి వచ్చినవారు తలుపును కాస్త చప్పుడయ్యేలా మూయాలి. అందరూ వచ్చేశారని ఆతిథేయికి తెలిసేది ఆ చప్పుడుతోనే.

## గదిలో

గోడమీది రాత చదవడం రాదు. ఏం చేయాలి?

దాని ముందు కూర్చుని, చేతులు నేలకు ఆనించి వంగి, తలెత్తి చూడండి. చదవడం జపనీయుల్లో కూడా అందరికీ రాదు. ఆ గదిలో అన్నిటికంటే పెద్దపీట దానికే, ఎందుకంటే ఆ రోజు ఎందుకు పిలిచారో చెప్పేది అదే. "ప్రతిరోజూ మంచిరోజే" అని ఉండొచ్చు, "టీ తాగి వెళ్ళు" అని ఉండొచ్చు. తర్వాత ముఖ్య అతిథి అర్థం అడుగుతారు, అందరూ వినొచ్చు.

శుభ్రంగా ఉన్న పాత్రల్నే మళ్ళీ తుడుస్తారెందుకు?

పాత్రలు లోపలే కడిగి తెస్తారు. అతిథి ఎదుట మళ్ళీ తుడిచేది మురికి పోవడానికి కాదు. దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది.

నడుముకు దోపుకున్న పట్టుగుడ్డ, ఫుకుసా, మగవారికి ఊదారంగు, ఆడవారికి ఎక్కువగా ఎరుపు. దాన్ని తీసి, మూలలు పట్టి త్రికోణంగా వేలాడదీసి, మూడు మడతలు, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి మడుస్తారు. దాంతో టీ డబ్బా మూత తుడిచి, గుడ్డను మడిచి, వెదురు చెంచాను దాని మధ్య పెట్టి మూడుసార్లు లాగుతారు. చిక్కటి టీకైతే అంతకుముందు గుడ్డ నాలుగు అంచులనూ ఒక్కొక్కటిగా పట్టి చూసే పద్ధతి కూడా ఉంది. ఈ పని మొదలయ్యాక గదిలో మాటలు ఆగిపోతాయి. చేసేవారి మనసు ఎక్కడైనా తిరుగుతుంటే మడత వంకర పోతుంది, అందరికీ కనబడుతుంది. పట్టుగుడ్డకు ఆ డబ్బాను శుభ్రం చేసే శక్తి పెద్దగా లేదు. దాన్ని పట్టుకున్న మనిషిని కుదురుగా కూర్చోబెట్టే శక్తి ఉంది. తడి గిన్నెను తుడిచేది వేరే గుడ్డ, చాకిన్ అనే తెల్లటి నారగుడ్డ. ఈ రెంటినీ తారుమారు చేయడం మొదటి నెల విద్యార్థులందరూ చేసే పొరపాటు.

పూర్తిగా మౌనంగా ఉండాలా?

అక్కర్లేదు, కానీ మాట్లాడేది ముఖ్య అతిథే. మిగతావారు అందరి తరఫునా ఆయన్నే అడగనిస్తారు. రాజకీయాలు, వ్యాపారం, ఎదుటివాళ్ళ సంసారాలు గుమ్మం బయటే.

వినడానికి ఇంకొకటి ఉంది. కామా అనే ఇనుప కెటిల్ అడుగున లోపల చిన్న ఇనుప రేకులు అతికిస్తారు. నీళ్ళు కాగేటప్పుడు వాటి నుంచి సన్నని హోరు వస్తుంది. దాన్ని సరుగుడు లాంటి చెట్లలో గాలి అంటే మనకు అర్థమవుతుంది గానీ, వాళ్ళు పైన్ చెట్లలో గాలి అంటారు. టీ అయిపోయాక ఆతిథేయి అందులో ఒక గరిటె చన్నీళ్ళు పోస్తారు. హోరు ఠక్కున ఆగిపోతుంది. ఆ చప్పుడు ఇంతసేపూ ఉందని చాలామందికి అప్పుడే తెలుస్తుంది.

ధూపం గంధమేనా?

మే నుంచి అక్టోబరు దాకా, పొయ్యి నేలమీద పెట్టే కాలంలో, బొగ్గుల పక్కన గంధపు చెక్కముక్కలే వేస్తారు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నేలలో కోసిన గుంటపొయ్యి వాడతారు, అప్పుడు సుగంధ ద్రవ్యాలు కలిపి చేసిన ఉండలు. నిప్పు మీద నేరుగా వేయరు, మాడిపోతుంది.

కాళ్ళు తిమ్మిరెక్కితే?

ఆధ్యాత్మికత కోసం ఓర్చుకోనక్కర్లేదు. పక్కవారికి చెప్పి, కాళ్ళు కాస్త పక్కకు తీయండి. ముందే అడిగితే చిన్న పీట ఇస్తారు. బొటనవేలు మీద బొటనవేలు వేసి, అప్పుడప్పుడు మారుస్తుంటే కొంత నయం. ప్రమాదమల్లా తిమ్మిరి కాళ్ళతో లేవడంలో ఉంది: చాప మీద గిన్నె, పక్కన నిప్పు. వేళ్ళను వెనక్కి మడిచి మడమల మీద అర నిమిషం కూర్చుని, అప్పుడు లేవండి.

## టీ తాగేటప్పుడు

గిన్నె రెండుసార్లు ఎందుకు తిప్పుతారు?

ప్రతి గిన్నెకూ ముఖం లాంటి వైపు ఒకటుంటుంది: బొమ్మ గానీ, మెరుపు బాగా పారిన చోటు గానీ. ఆతిథేయి ఆ వైపు మీకు కనిపించేలా పెడతారు. ఆ అందమైన చోట పెదవి పెట్టడానికి మొహమాటపడి మీరు కొంచెం పక్కకు తిప్పుతారు, అంతే. గ్రహాలు, దిక్కులు, చక్రాల ప్రస్తావన ఎక్కడా లేదు. టీ నేర్పే బడుల్లో ఒకటైన ఉరసెంకె పద్ధతిలో ఎడమ అరచేతిలో గిన్నె పెట్టుకుని, గడియారం తిరిగే వైపు రెండుసార్లు తిప్పి తాగుతారు. తర్వాత పెదవి తగిలిన చోటు వేళ్ళతో తుడిచి, వేళ్ళు కాగితానికి తుడుచుకుని, గిన్నెను వెనక్కి తిప్పి పెడతారు.

అంతకన్నా ముందు చేసేదాన్ని ఎవరూ అడగరు: పక్కన కూర్చున్నవారికి వంగి "ఒసాకి ని", అంటే "మీకంటే ముందు తాగుతున్నాను", అని చెప్పడం. గిన్నె తిప్పడం మరిచిపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. ఈ మాట మాత్రం మరిచిపోకండి.

చిక్కటి టీ అందరూ ఒకే గిన్నెలో తాగుతారట. ఎంగిలి కదా?

ఎంగిలే. కొయిచా అనే చిక్కటి టీ ఒక గిన్నెలో ముగ్గురు నలుగురికి కలిపి చేస్తారు. మనిషికి దాదాపు 4 గ్రాముల పొడి, నీళ్ళు కొద్దిగా, గరిటెజారుగా ఉంటుంది. ముఖ్య అతిథి ఒక గుక్క తాగగానే ఆతిథేయి రుచి ఎలా ఉందని అడుగుతారు. ఒక్కొక్కరు మూడు గుక్కలు, ఇంకో సగం తాగి, తాగిన చోటు కాగితంతోనో తడిగుడ్డతోనో తుడిచి పక్కవారికి ఇస్తారు. రేపు యుద్ధంలో ఎదురెదురుగా నిలబడగల సమురాయ్‌లు ఆ గదిలో ఒకే గిన్నె పంచుకున్నారు. ఎంగిలి అనే గీతను దాటడమే అక్కడ నమ్మకానికి గుర్తు. మనవాళ్ళకు ఇది కష్టమని వాళ్ళకూ అర్థమవుతుంది. కోవిడ్ తర్వాత మనిషికో గిన్నె ఇచ్చే పద్ధతి బాగా వ్యాపించింది, ముందే అడిగితే ఏర్పాటు చేస్తారు. పల్చటి టీ ఎలాగూ ఎవరి గిన్నె వారిదే.

ఆఖరి గుక్క చప్పుడు చేస్తూ జుర్రడం మర్యాదేనా?

అవును. గిన్నె ఖాళీ అయిందని ఆతిథేయికి అదే కబురు. ఒక్కసారి చాలు.

చాలా చేదుగా ఉంటుందట. మిఠాయి టీతో కలిపి తినాలా?

టీ రాకముందే మిఠాయి మొత్తం తినేయాలి. ఆ తీపి నాలుక మీద ఉండగా టీ తాగితే చేదు ముద్దగా అనిపించదు. టీ మధ్యలో కొరుక్కుంటే రెండూ చెడతాయి. ఇంకో సంగతి, మంచి మాచా గొంతు పట్టేంత చేదుగా ఉండదు. అలా ఉందంటే నీళ్ళు మరిగిపోయినవి పోశారు, లేదా పొడి పాతది.

## ఇంటికి వచ్చాక

ఇంత శాంతి బోధించిన రిక్యూ ఎలా చనిపోయాడు?

1591లో హిదెయోషి ఆజ్ఞ మీద పొట్ట చీల్చుకుని. దైతొకుజి ఆలయ ద్వారం పై అంతస్తులో రిక్యూ కొయ్యబొమ్మ పెట్టారనీ, దాని కాళ్ళ కింద నుంచి హిదెయోషి నడవాల్సి వచ్చిందనీ ఒక నేరం. టీ సామాన్లు ఎక్కువ ధరలకు అమ్మాడని మరొకటి. రాజ్యాధికారానికి అంత దగ్గరగా కూర్చున్నవాడి టీ గది రాజకీయాలకు దూరంగా ఉండడం కుదరని పని. శాంతి అక్కడ ఊరికే దొరికింది కాదు.

"ఇచిగో ఇచియే" అంటే జీవితంలో ఒక్కసారే అనా?

ఒక జీవితం, ఒక కలయిక. భావం రిక్యూ శిష్యుడి రాతల్లోనే ఉంది. జపాన్ లిపిలో నాలుగక్షరాల ఈ రూపంలో స్థిరపరిచింది పంతొమ్మిదో శతాబ్దపు ఇయి నావొసుకె, షోగున్ ప్రభుత్వంలో ముఖ్యమంత్రి లాంటి పెద్ద. అదే మనుషులు, అదే గది, అదే గిన్నె మళ్ళీ కలిసినా ఈ రోజు మళ్ళీ రాదు, కాబట్టి ఆతిథేయి ఏ చిన్న పనీ అశ్రద్ధగా చేయకూడదంటాడు. ఆయన చెప్పినదాంట్లో పోస్టర్ల మీదికి ఎక్కని భాగం ఒకటుంది. అతిథులు వెళ్ళగానే తలుపు వేసి సామాన్లు సర్దేయకూడదు. వారు కనుమరుగయ్యేదాకా చూసి, తిరిగి గదిలోకి వచ్చి, కెటిల్ ముందు ఒంటరిగా కూర్చుని, ఇప్పుడు వారు ఎంతదూరం వెళ్ళి ఉంటారో అనుకుంటూ తనకోసం ఒక టీ చేసుకోవాలి. తర్వాత 1860లో ఆయన్ను ఎదో నగరం (నేటి టోక్యో) కోట ద్వారం దగ్గర నరికి చంపారు.

గురువు లేకుండా ఇంట్లో మొదలుపెట్టొచ్చా?

టీ చేయడం మొదలుపెట్టొచ్చు, పద్ధతికి మాత్రం గురువు కావాలి. పుస్తకంలో చూసి మడిచిన ఫుకుసాను తర్వాత సరిదిద్దడం కష్టం. గురువుల దగ్గర కూడా మొదట నేర్పేది పళ్ళెం మీద చేసే చిన్న పద్ధతే.

ఇంట్లో అయితే 2 గ్రాముల మాచా జల్లించి గిన్నెలో వేయండి. జల్లించకపోతే ఉండలు కడుతుంది, ఎంత గిలకొట్టినా పోవు. అంతకుముందే గిన్నెను వేడినీళ్ళతో కడిగి తుడవాలి, చాసెన్ అనే వెదురు కవ్వం మొనలను ఆ నీళ్ళలో ముంచి మెత్తబరచాలి, పొడిగా వాడితే మొనలు విరిగి టీలో పడతాయి. దాదాపు 80 డిగ్రీల నీళ్ళు 70 మిల్లీలీటర్లు పోసి, మణికట్టుతో ముందుకూ వెనక్కూ వేగంగా కదపండి. మజ్జిగ చిలికినట్టు గుండ్రంగా తిప్పితే నురగ రాదు. మొనలను గిన్నె అడుగుకు అదమకండి. నురగ ఎంత ఉండాలన్నది బడిని బట్టి మారుతుంది: ఉరసెంకెవారు పైనంతా కప్పేలా తెస్తారు, ఒమొతెసెంకెవారు కొంత టీ కనబడనిస్తారు.

తాగాక చాసెన్‌ను ఉత్త నీళ్ళతో కడిగి, సబ్బు తగలనివ్వకుండా, గాలి తగిలే చోట ఆరబెట్టండి. తడిగా డబ్బాలో పెట్టి మూస్తే బూజు పడుతుంది, ఇక దాన్ని పారేయడమే.